తుంగమడుగులో పక్షులు ఎందుకు తగ్గాయంటే

మా గైడు డాక్టర్ వెంకటకృష్ణారావు గారు ముప్పయ్యేళ్ళు పక్షిశాస్త్రం చెప్పారు. ఆయన దగ్గరగా చూసిన పక్షి కోడి ఒక్కటే, అదీ వండాక. బురదంటే ఆయనకి పడదు, చలిగాలి తగిలితే జలుబు. అయినా నా థీసిస్‌కి "తుంగమడుగులో శీతాకాలపు నీటిపక్షుల సంఖ్యను నిర్ణయించే అంశాలు" అని పేరు పెట్టింది ఆయనే. పేరు పెట్టి, మిగతాది నువ్వు చూసుకోమన్నారు. మిగతాది చూసుకోవడానికి నాకు ఏడేళ్ళు పట్టింది.

నా పేరు ఫిర్దౌస్. బెజవాడలో ఒక ప్రైవేటు కాలేజీలో జువాలజీ పార్ట్‌టైం లెక్చరర్‌ని. పార్ట్‌టైం అంటే పని సగం అనుకునేరు. పని మొత్తం నాదే. ఏప్రిల్ ఆఖరున ఇంటికి పంపేసి జులైలో మళ్ళీ పిలుస్తారు, అదొక్కటే తేడా. పదకొండేళ్ళుగా ప్రతి వేసవికీ నా డస్టరు, సుద్దముక్కల డబ్బా, కప్పల్ని కోసే కత్తెర సంచీలో వేసుకుని ఇంటికి వస్తున్నాను. 2004లో మా డిపార్ట్‌మెంటులో ఒక పర్మనెంటు పోస్టు ఖాళీ అయింది. జూన్ ఒకటో తారీఖుకి డాక్టరేటు చేతిలో ఉన్నవాళ్ళకే ఇస్తామన్నారు. మార్చిలో థీసిస్ ఇస్తేనే జూన్‌కి పట్టా. ఇవ్వకపోతే పోస్టు ఇంకెవరికో పోతుంది, నేను ఆ డస్టరు మోసుకుంటూనే రిటైరవుతాను. పార్ట్‌టైం వాళ్ళకి రిటైర్మెంటు కూడా ఉండదని మా ఆయన ఇష్తియాక్ గుర్తుచేశారు. వన్‌టౌన్‌లో వాచీలు బాగుచేసే మనిషి, టైము విషయంలో అబద్ధం చెప్పరు.

తుంగమడుగు పామర్రు అవతల ఉంది. బస్సు దిగి ఆటో ఎక్కి, ఆటో దిగి గట్టు మీద అరగంట నడవాలి. మూడు వందల ఎకరాల నీళ్ళు, ఆ నీళ్ళ నిండా తుంగ, జమ్ము, గుర్రపుడెక్క. చుట్టూ ఎటు చూసినా చేపల చెరువులే. నవంబరు నుంచి ఎక్కడెక్కడి చలిదేశాల నుంచో పరజలు, సూదితోక బాతులు, చెంచామూతి బాతులు వచ్చి దిగుతాయి. ఫిబ్రవరి దాటాక వెళ్ళిపోతాయి. ప్రతి జనవరిలోనూ వెళ్ళి వాటిని లెక్కపెట్టి రావడం నా పరిశోధన.

మొదటి మూడేళ్ళు లెక్క బాలశౌరి మాస్టారిది. ఆ ఊరి హైస్కూల్లో లెక్కలు చెప్పి రిటైరైన మనిషి. ఒక్కొక్క పక్షినే లెక్కపెట్టేవారు. మధ్యలో ఎవరైనా పలకరిస్తే తిట్టి, మళ్ళీ మొదటి నుంచి మొదలుపెట్టేవారు. మూడు రోజులు పట్టేది. 1997లో ఆరువేల రెండు వందలు, ఆ మరుసటేడు ఆరువేల యాభై, ఆ తరవాత ఆరువేల నూట ఎనభై. ఆ అంకెలు చూస్తే గైడు గారికి నీరసం వచ్చేది.

"ఏవిఁటమ్మా ఇది, పెరగవు, తగ్గవు. ఇందులో నిర్ణయించేదేవుంది, అంశాలేవుంటాయి?" అని విసుక్కునేవారు.

మూడో ఏడు దాటాక మాస్టారి కళ్ళకి శుక్లాలొచ్చాయి. తన బదులు రత్తయ్య గారిని పెట్టుకోమని ఆయనే చెప్పారు. రత్తయ్య గారి వృత్తే లెక్కపెట్టడం. చేపపిల్లలు అమ్మేవాడూ కొనేవాడూ ఒకరినొకరు నమ్మరు. అందుకని ఇద్దరి మధ్యా ఈయన్ని కూర్చోబెడతారు. ఆయన ఎన్నంటే అన్ని, దాని మీద అప్పీలు లేదు. క్షణం కుదురుగా ఉండని వాటిని లెక్కపెట్టడంలో ఆ చుట్టుపక్కల ఆయన్ని మించినవాళ్ళు లేరని మాస్టారే ఒప్పుకున్నారు. లెక్కల మాస్టారు ఇంకొకర్ని ఒప్పుకున్నారంటే మనం ఇంక ఆలోచించనక్కర్లేదు. నేనూ ఆలోచించలేదు.

రత్తయ్య గారితో పని ఒక్క రోజులో అయిపోయేది. దోనెలో ఆయన ముందు నిలబడి, గెడతో తోస్తూ, పెదాల మీద అయిదేసి చొప్పున లెక్కపెట్టుకునేవారు. వంద కాగానే పైకి ఒక కేక. మొదటి వందకి ఒకటి అనరు, లాభం అంటారు, వాళ్ళ వృత్తిలో అలాగే అంటారు. తరవాత రెండు, మూడు. ఆయన కేక వేసినప్పుడల్లా నేను పుస్తకంలో గీత గీసేదాన్ని. మిగతా టైములో మా డిపార్ట్‌మెంటు వారి బైనాక్యులర్సుతో ఏది ఏ జాతో చూసేదాన్ని. ఆ బైనాక్యులర్సుకి ఒక కన్ను పనిచేసేది, రెండో కంట్లో బూజు కనపడేది.

2000 జనవరిలో రత్తయ్య గారి మొదటి లెక్క అయిదువేల నూట యాభై.

ఏడాదిలో వెయ్యి పక్షులు ఏమైపోయాయి? బస్సులో ఏడుపొకటే తక్కువ. వచ్చి గైడు గారికి చెప్పాను. ఆయన "తగ్గాయా" అంటూ కుర్చీలోంచి లేచారు. ఏడేళ్ళలో ఆయన నా కోసం కుర్చీలోంచి లేవడం అదొక్కసారే. తగ్గితే కారణాలుంటాయి. కారణాలుంటే అధ్యాయాలుంటాయి. అధ్యాయాలుంటే థీసిస్ ఉంటుంది.

ఆ తరవాత మూడేళ్ళూ కూడా లెక్క అంతే వచ్చింది. అయిదువేల ఎనభై, అయిదువేల రెండు వందలు, అయిదువేల నూట ఇరవై. గ్రాఫు గీస్తే 1999 పక్కన ఎవరో మెట్టు దిగినట్టుండేది. ఆ మెట్టు కింద నేను నాలుగు అధ్యాయాలు కట్టాను. చేపల చెరువుల గట్ల వల్ల నీటి లోతు మారడం ఒకటి, పురుగుమందులు ఒకటి, గుర్రపుడెక్క ఒకటి, మనుషుల అలికిడి ఒకటి. నీటి లోతు కొలవడానికి నడుం దాకా దిగి రెండుసార్లు జలగలు పట్టించుకున్నాను. క్లాసులో ఈ సంగతి చెప్తే మా పిల్లలు కళ్ళనీళ్ళు పెట్టుకుని, మధ్యాహ్నం క్యాంటీన్‌లో కముజు పిట్టల వేపుడు తిన్నారు.

2004 జనవరి మొదటి వారంలో, ఆఖరి లెక్కకి రోజు ఖాయం చేసుకుందామని రత్తయ్య గారి దగ్గరికి వెళ్ళాను. థీసిస్ అప్పటికి సగం టైపయింది. ఆయన ఒక చెరువు గట్టున పీట మీద కూర్చుని చేపపిల్లల్ని లెక్కపెడుతున్నారు. ఒక పక్క అమ్మేవాడు, ఒక పక్క కొనేవాడు, ఇద్దరూ గుడ్లప్పగించి చూస్తున్నారు. తొట్టిలోంచి అయిదేసి పిల్లల్ని తీసి కుండలో వేస్తున్నారు. నాలుగేళ్ళుగా ఆ మనిషి లెక్కే నా చదువంతా. కానీ ఆయన చేతులు లెక్కపెడుతుంటే చూడడం నాకదే మొదటిసారి. ఊరికే నిలబడక నేనూ లోపల లెక్కపెట్టుకున్నాను. ఇరవై అయిదులు వంద. ఆయన నోరు మెదపలేదు. ఇరవై ఒకటి, ఇరవై రెండు, ఇరవై మూడు, ఇరవై నాలుగు. అప్పుడు "లాభం" అన్నారు.

మళ్ళీ లెక్కపెట్టాను. మళ్ళీ ఇరవై నాలుగు అయిదులకి "రెండు" అన్నారు.

"రత్తయ్య గారూ, అవి నూట ఇరవై కదండీ" అన్నాను.

"అవునండి."

"మరి వంద అన్నారు."

"వందే కదండీ. ఇరవై చావులకి పోతాయి" అన్నారాయన, పసిపిల్లకి చెప్పినట్టు. "కుండలో కొన్ని చస్తాయి, రిక్షాలో కొన్ని, చెరువులో పొయ్యగానే కొన్ని. కొనేవోడు పాపం బతికేవాటికే కదండీ కొనుక్కునేది. నూట ఇరవై వేస్తేనే వంద. మా నాన్న కాడి నుంచీ ఇదే లెక్క."

అడగడానికి భయం వేసింది, అడక్కుండా ఉండలేకపోయాను.

"పక్షుల్ని కూడా అలాగే లెక్కపెట్టారా?"

"మరి? అవి ఎక్కడి నుంచో వొస్తాయని మీరే చెప్పారు కదండీ. మళ్ళీ అంత దూరం ఎగిరెళ్ళాలి. దార్లో చావవా? ఎవరో ఒకడు కొట్టడా? అందుకని వందకి ఇరవై తీసేసే చెప్పాను. మీ దగ్గర ఎక్కువ చెప్పి మాట పోగొట్టుకోవడం దేనికండీ."

ఆ గట్టు మీదే కూలబడి పుస్తకం వెనక అట్ట మీద గుణించాను. అయిదువేల నూట యాభైకి వందకి ఇరవై చొప్పున కలిపితే ఆరువేల నూట ఎనభై. 1999లో మాస్టారి లెక్క కూడా సరిగ్గా ఆరువేల నూట ఎనభై. మిగతా మూడేళ్ళూ కలిపి చూశాను. ఆరువేల తొంభై ఆరు, ఆరువేల రెండు వందల నలభై, ఆరువేల నూట నలభై నాలుగు. తుంగమడుగులో ఒక్క పక్షి తగ్గలేదు. నాలుగు అధ్యాయాలు, రెండు జలగలు, నా పిల్లల కన్నీళ్ళు, అన్నీ రత్తయ్య గారి నాన్న గారి లెక్క.

ఆయన మీద అరవాలనిపించింది. కానీ ఏమని అరుస్తాను? నాలుగేళ్ళు ఒకే దోనెలో ఆయన వెనక రెండు మూరల దూరంలో కూర్చున్నాను. ఒక్క వందైనా నేను సొంతంగా లెక్కపెట్టుకుని ఉంటే సరిపోయేది. పక్షిశాస్త్రం చదివిన నేను గీతలు గీశాను, చేపపిల్లల మనిషి పక్షుల వలస గురించి ఆలోచించాడు. సిగ్గుతో చచ్చిపోయాను.

మరునాడు సత్యనారాయణపురంలో గైడు గారింటికి వెళ్ళి జరిగింది చెప్పాను. ఆయన విక్సు రాసుకుంటూ అంతా విన్నారు.

"ఇంకెవరికి తెలుసు?"

"రత్తయ్య గారికి."

"ఆయన వైవాకి రాడుగా" అన్నారు గైడు గారు. "చూడమ్మా ఫిర్దౌస్, టైపింగుకి ఇచ్చాక నిజాలు తెలుసుకోకూడదు. అది క్రమశిక్షణ. ఈ ఏడు కూడా ఆయన చేతే, అదే పద్ధతిలో లెక్కపెట్టించు. సైన్సులో పద్ధతి మార్చకూడదు."

"అది పద్ధతి కాదు సార్, చేపపిల్లల చావులు."

"ఒకవేళ ఈ ఏడు నిజంగానే తగ్గాయనుకో, అప్పుడు ఏ గొడవా లేదు. అయిదువేల దగ్గర ఉంటే గ్రాఫు నిలబడుతుంది, ఆ వెనకటి నాలుగేళ్ళ సంగతి ఒక ఫుట్‌నోటులో సర్దేద్దాం. నువ్వు వెళ్ళి చూసి రా. అల్లా దయ."

ఇంటికి వస్తూ దారిలో నేను ప్రార్థించాను. అబద్ధం చెప్పను, పక్షులు తక్కువ వచ్చి ఉండాలనే ప్రార్థించాను. సైబీరియాలో మంచు కరిగి ఉండకూడదని, హిమాలయాల దగ్గర పెనుగాలి వీచి ఉండాలని, ఏమీ కాకపోతే దారిలో వేటగాళ్ళయినా మంచి గురి ఉన్నవాళ్ళు తగిలి ఉండాలని. ఏడేళ్ళు పక్షుల్ని ప్రేమించిన మనిషిని కనుక ఏమేం కోరుకోవాలో నాకు బాగా తెలుసు.

రెండో ఆదివారం పొద్దున్నే దోనె ఎక్కాం. మంచు ఇంకా విడలేదు. రత్తయ్య గారితో ఈసారి చావులు వద్దని, వందకి వందే కేక వెయ్యమని చెప్పాను. ఆయన మొహం చిన్నబుచ్చుకున్నారు.

"మరీ అంత పిసినారి లెక్కా అండీ" అన్నారు.

నేనూ పక్కన అయిదేసి చొప్పున లెక్కపెట్టాను. ఇద్దరి లెక్కా కలిస్తేనే గీత. మొదటి రెండు గంటల్లో రెండువేలు కూడా కాలేదు. నా ప్రాణం తేలికపడింది. ఈ ఏడు తగ్గినట్టే ఉన్నాయని మనసులో లడ్డూలు పంచుకున్నాను. అప్పుడు మంచు విడింది. జమ్ము అవతల నీళ్ళు కనపడవలసిన చోట నీళ్ళు కనపడలేదు. అన్నీ పరజలే. రత్తయ్య గారు కేక వేస్తుంటే ఒక్కొక్క గీతా నా వేలి మీద గీసినట్టుంది. నలభై. యాభై. యాభై ఒకటి దాటగానే నా గ్రాఫులో మెట్టు కూలింది. ఆయన గొంతులో ఉత్సాహం, ఈసారి ఎన్ని ఉంటే అన్నీ చెప్పొచ్చు కదా. అరవై దాటాం. ఆఖరి గీత దగ్గర అరవై మూడు వందలు, పైన ఒక పది.

ఆరువేల మూడు వందల పది. ఏడేళ్ళలో అదే ఎక్కువ.

"ఎందుకు తగ్గవండీ ఇవి?" అన్నాను. గట్టిగానే అన్నాను. "చుట్టూ అన్నీ చేపల చెరువులైపోయాయి, మందులు, గుర్రపుడెక్క, అయినా ఇక్కడికే ఎందుకు వచ్చి చస్తాయి?"

"ఇంకెక్కడికి పోతాయండీ? పక్క చెరువుల్లో వాలితే టపాకాయలేసి తోలేత్తాం. ఇక్కడ ఎవడూ తోలడు. ఈ మడుగు ఆసాములు అన్నదమ్ములిద్దరికీ దీని మీద వ్యాజ్యం కదండీ. పన్నెండేళ్ళయింది కోర్టువోళ్ళు స్టే ఇచ్చి. గట్టు కొట్టడానికి లేదు, వల వెయ్యడానికి లేదు. ఇద్దర్లో ఎవడు కాలు పెట్టినా రెండో వోడు కేసు పెడతాడు. పక్షులకి ఇంతకంటే మంచి చోటు ఏదండీ."

నా థీసిస్‌లో నాలుగు అంశాలున్నాయి, ఆ నాలుగింట్లో స్టే ఆర్డరు లేదు. ఏడేళ్ళలో నీటి లోతు కొలిచాను, ఆమ్లగుణం కొలిచాను, ఈ మడుగు ఎవరిదని మాత్రం ఎవర్నీ అడగలేదు.

ఏడుపొచ్చింది. దాచుకోలేదు. రత్తయ్య గారు గెడ ఆపి వెనక్కి తిరిగారు.

"ఏవయిందండీ మేడం గారూ? లెక్క తప్పా?"

"లెక్క తప్పు కాదు. ఇవి తక్కువ ఉంటేనే నాకు ఉద్యోగం వస్తుంది. తక్కువ ఉండాలని వారం నుంచీ కోరుకుంటున్నాను."

ఆయన నన్నూ పక్షుల్నీ చూశారు. తరవాత రొండిలోంచి ఒక చిన్న పొట్లం తీశారు. తాటాకు టపాకాయలు, అగ్గిపెట్టె. మధ్యాహ్నం నుంచి పక్క చెరువులో నీటికాకుల్ని తోలే కాపలా పని ఆయనకి ఉంది, అందుకని దగ్గరుంచుకుంటారు.

"దీనికింత ఏడుపెందుకండీ. ఎన్ని తగ్గాలో చెప్పండి" అన్నారు. "ఒక్కటి వేస్తే సగం లేచిపోతాయి. కొల్లేరు వేపు పోతాయి. గంటాగి మళ్ళీ లెక్కపెడదాం. అప్పుడు మీరు రాసేది అబద్ధం కూడా కాదు."

అంత మంచి మనసుతో నాకు ఎవరూ ఏ పాపం ఇవ్వజూపలేదు. టపాకాయ నా చేతిలో పెట్టారు, అగ్గిపెట్టె కూడా. నేను తీసుకున్నాను. ఇక్కడ గొప్పకి పోను, తీసుకుని పుల్ల కూడా బయటికి లాగాను. కళ్ళ ముందు జూన్ ఒకటో తారీఖు కనపడుతోంది. స్టాఫు రూములో నా పేరుతో ఒక బీరువా, అందులో వేసవంతా తాళం వేసి ఉంచుకునే నా డస్టరు. ఒక్క పుల్ల గీస్తే అదంతా నాదే. ఎవరూ చావరు. ఎగిరి వేరే చోటికి వెళ్తాయి, అంతే.

"మళ్ళీ ఎప్పుడొస్తాయి?" అని అడిగాను.

"పక్క చెరువుల్లో పక్షులైతే సాయంత్రానికే వొచ్చేస్తాయండి, వాటికి అలవాటే. ఇక్కడివి ఎప్పుడూ ఇంత దగ్గర శబ్దం ఎరగవు. బెదిరితే ఇంక ఈ యేడు రావు. ఆపైన వొస్తాయో రావో చెప్పలేం."

దగ్గరలో ఒక సూదితోక బాతు తల నీళ్ళలో ముంచి, తోక పైకి పెట్టి, నా వైపు వీపైనా తిప్పకుండా తింటోంది. నేను పుల్ల మళ్ళీ పెట్టెలో పెట్టాను. రెండూ ఆయనకి ఇచ్చేశాను. ఆయన వాటిని రొండిన దోపుకుని గెడ అందుకున్నారు. పుస్తకంలో ఆరువేల మూడు వందల పది అని సిరాతో రాసి, కింద సంతకం పెట్టి, ఆయన చేత కూడా పెట్టించాను.

పామర్రు సెంటరులో ఎస్టీడీ బూత్ నుంచి గైడు గారికి ఫోను చేశాను.

"ఎన్నమ్మా?"

"ఆరువేల మూడు వందల పది సార్."

"చావులు కలిపా, తీసా?"

"తీయలేదు. ఉన్నవి ఉన్నట్టు."

అవతల ఒక తుమ్ము వినపడింది. "అయితే నాలుగు అధ్యాయాలూ తిరగరాయాలి. మార్చి కాదు, వచ్చే మార్చికైనా కాదు. ఆ పోస్టు పోతుంది."

"పోతుంది సార్."

ఆ మాట నా నోటితోనే అన్నాను. అద్దాల తలుపు వెనక నిలబడి, బయట వరసలో ఉన్నవాళ్ళు చూస్తుంటే, పదకొండు వేసవుల ఏడుపూ ఏడ్చాను. నాకు ఆ ఉద్యోగం కావాలి. ఇప్పటికీ కావాలి. గైడు గారు పాపం ఫోను పెట్టెయ్యలేదు.

"సర్లే, ఊరుకో" అన్నారు చివరికి. "రాసేటప్పుడు ఏదో ఒకటి రాయాలి కదా. ఎందుకు తగ్గలేదో అదైనా తెలిసిందా?"

"రెండు కారణాలు సార్. పన్నెండేళ్ళుగా ఆ మడుగు మీద కోర్టు స్టే ఉంది."

"రెండోది?"

"పొద్దున నా చేతిలో టపాకాయ, అగ్గిపెట్టె ఉన్నాయి సార్" అన్నాను. "వెలిగించలేదు."